అటువైపు తలుపు

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నమ్మకం లేదు. ఇంత జరిగాక కూడా లేదనే అంటాను. రైల్లో పక్క సీటావిడ "మా పిన్నిగారి ఊళ్ళో ఒకసారి ఏమైందంటే" అని మొదలుపెడితే, అప్పుడు టైమెంత, చూసింది ఎవరు, ఆ చూసినాయన తాగి ఉన్నాడా లేదా అని అడిగి కథంతా పాడుచేసే రకాన్ని నేను. పాతికేళ్ళ వయసు నుంచీ ఆఫీసు ఫైళ్ళు చూసి చూసి వచ్చిన బుద్ధి అది. నాతో రోజూ ప్రయాణం చేసే ఆడవాళ్ళు నన్ను "వకీల్ సాబ్" అని ఏడిపించేవారు.

అలాంటిదాన్ని ఇది రాయడానికి కూర్చున్నాను. జరిగింది జరిగినట్టే రాస్తాను. నాకు అర్థం కానిచోట అర్థం కాలేదనే రాస్తాను.

మాది బిలాస్‌పూర్. మా తాతగారు పలాస వైపు నుంచి రైల్వే పనికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా అత్తవారిదీ అదే దారి. మా మావయ్య గూడ్సు బళ్ళ మీద గార్డుగా చేసి రిటైరయ్యారు. మా ఆయన పేరు రమణ. కోర్బాలో ఒక కరెంటు ప్లాంటులో ఆపరేటరు. నేను రాయగఢ్‌లో ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో క్లర్కుని. ఇద్దరివీ చెరో ఊరు. మధ్యలో ఇల్లు, స్కూలుకెళ్ళే పాప, అత్తయ్య పోయాక ఒంటరైన మావయ్య, అన్నీ బిలాస్‌పూర్‌లోనే.

ఇలా రోజూ రైల్లో వెళ్ళొచ్చేవాళ్ళని ఇక్కడ అప్-డౌన్ వాళ్ళంటారు. నేను ఆరేళ్ళు అప్-డౌన్ చేశాను. పొద్దున్న నాలుగున్నరకి లేస్తే ఏడుంబావు బండి అందేది. ఆఫీసు చేరేసరికి పది దాటేది. రాత్రి ఎనిమిదికి ఇల్లు. అదీ బండి మీద దయ ఉంటే. మా లైన్లో బొగ్గు బళ్ళదే రాజ్యం. వాటికి దారి వదలడానికి మమ్మల్ని ఏ పొలాల మధ్యో నిలబెట్టేసేవారు.

మొదటి ఏడాదంతా ఏడ్చాను. తర్వాత అలవాటైపోయింది. అలవాటంటే ఇంకేమీ కాదు, ఇంటి పనుల్ని రైల్లోకి మోసుకెళ్ళడం నేర్చుకున్నాను. బఠానీలు ఒలవడం, పాప గౌనుకి గుండీలు కుట్టడం, జడేసుకోవడం, చివరికి నిద్రపోవడం కూడా రైల్లోనే. మా బోగీలో ఆడవాళ్ళం ఏడుగురం ఒకచోట కూర్చునేవాళ్ళం. ఒకరు కునుకు తీస్తే ఇంకొకరు లేపేవారు.

మా ఆయన కావాలనే నైట్ డ్యూటీలు చేసేవాడు. అందరూ తప్పించుకునే నైట్ డ్యూటీని తోటివాళ్ళతో మార్చుకుని మరీ తీసుకునేవాడు. పగలు తను ఇంట్లో ఉంటే స్కూలు నుంచి వచ్చిన పాపకి నాన్న కనిపిస్తాడని. దాంతో ఏమైందంటే, నేను పొద్దున్న బయల్దేరేసరికి ఆయన కోర్బా నుంచి దారిలో ఉండేవాడు. నేను రాత్రి వచ్చేసరికి మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయేవాడు. ఆదివారం తప్పిస్తే మాకు ఒకరి మొహం ఒకరికి కనపడేది రైల్లోనే, అదీ ఎదురెదురు బళ్ళల్లో.

జైరామ్‌నగర్ దాటాక, అకల్‌తరా రాకముందు మా బళ్ళు రెండూ ఎదురుపడేవి. ఆయన బండిని సాధారణంగా అక్కడ సిగ్నల్ దగ్గర నిలబెట్టేవారు. మా బండి కూడా నెమ్మదిగా వెళ్ళేది. ఆయన ముందు నుంచి మూడో పెట్టె తలుపు దగ్గర నిలబడి చెయ్యెత్తేవాడు. నేను మా బోగీ కుడి తలుపు దగ్గర నిలబడి చెయ్యెత్తేదాన్ని. మహా అయితే పది సెకన్లు.

దానికి ఒక పద్ధతి కూడా ఉండేది. మావయ్య భోజనాల దగ్గర తన డ్యూటీ కబుర్లు చెప్పేవారు. గార్డు పచ్చజెండా చూపిస్తే స్టేషన్‌వాళ్ళు తిరిగి పచ్చజెండా చూపించాలి, అటు జెండా కనబడేదాకా ఇటు జెండా దించకూడదు, అది తన రోజుల్లో గట్టి నియమం అనేవారు. మా ఆయనకి అది తెగ నచ్చింది. పెళ్ళైన కొత్తలో కాదు, పాప పుట్టి ఐదేళ్ళయ్యాక, అప్-డౌన్ మొదలైన వారంలో నాతో అన్నాడు.

"సూడు, నువ్వు సెయ్యెత్తినదాకా నాను దించను. సెయ్యి లాగేస్తే నీదే పూచీ."

నిజంగానే దించేవాడు కాదు. ఒకసారి నేను గుంపులో ఇరుక్కుని తలుపు దగ్గరకి ఆలస్యంగా వెళ్ళాను. అప్పటికే ఆయన పెట్టె దాటిపోతోంది, అయినా చెయ్యి అలాగే ఉంది, పక్కవాళ్ళు నవ్వుతున్నారు. నేను చెయ్యెత్తాక దించి లోపలికెళ్ళాడు. ఈ పిచ్చి మా ఇద్దరి మధ్యే ఉండేది. బోగీలో ఆడవాళ్ళకి నేను మొగుడికి టాటా చెబుతానని తెలుసు, అంతే.

మొన్న కాక అటు మొన్నటి డిసెంబరులో పాప స్కూలు వార్షికోత్సవం వచ్చింది. పాప డాన్సులో ఉంది. సాయంత్రం కార్యక్రమం. నేను సెలవు పెట్టనక్కర్లేదు, తనే సెలవు పెట్టి వెళ్తానన్నాడు. నేను నమ్మాను. తీరా ఆ రోజు తోటి ఆపరేటరు వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉందని, తన సెలవు అతనికిచ్చేసి డ్యూటీకి వెళ్ళిపోయాడు. మావయ్య ఒక్కరే వెళ్ళారు. పాప డాన్సు చేస్తున్నంతసేపూ కుర్చీల వైపే చూసిందట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరందరికీ డ్యూటీలు మార్చిపెట్టే మనిషికి సొంత కూతురి దగ్గరికొచ్చేసరికి మార్చుకోవడం చేతకాలేదా అని ఫోన్లో ఉన్నవీ లేనివీ అన్నాను. ఆయన తప్పయిపోయిందన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ తలుపు దగ్గరకి వెళ్ళి చెయ్యెత్తాను గానీ మొహం తిప్పుకునే ఎత్తాను.

మూడో రోజు అసలు లేవలేదు. కిటికీ షట్టర్ దించుకుని బఠానీలు ఒలుస్తూ కూర్చున్నాను. ఆయన బండి పక్కనుంచి వెళ్తున్న చప్పుడు వినిపించింది. పక్కావిడ "ఇవాళ వెళ్ళవా" అన్నట్టు చూసింది. నేను తలెత్తలేదు. కాసేపు నిలబడనీ, చెయ్యి నొప్పెడితే తెలిసొస్తుంది అనుకున్నాను. సరిగ్గా ఆ మాటే అనుకున్నాను. అందుకే రాస్తున్నాను.

మధ్యాహ్నానికి నా కోపం దిగిపోయింది. ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకున్నాను. రాత్రంతా డ్యూటీ చేసి పడుకున్న మనిషిని లేపడం ఎందుకని పెట్టేశాను. ఆయన పడుకున్న మాట నిజమే. నాలుగింటికి మావయ్య టీ పెట్టి లేపడానికి వెళ్తే లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. నలభై రెండేళ్ళు.

నాకు ఆఫీసుకి ఫోనొచ్చింది. రాయగఢ్ నుంచి నేను వచ్చేది కూడా రోజూ వచ్చే బండిలోనే కదా. దాన్ని చాంపా దాటాక ఒక బొగ్గు బండి కోసం నలభై నిమిషాలు నిలబెట్టేశారు. ఆ నలభై నిమిషాల గురించి నేను ఎవరితోనూ మాట్లాడను.

నెల తర్వాత మళ్ళీ డ్యూటీలో చేరాను. చేరక తప్పదు. బోగీలో నా సీటు అలాగే ఉంచారు. నేను షట్టర్ దించుకుని కూర్చునేదాన్ని. జైరామ్‌నగర్ వస్తోందంటే కళ్ళు మూసుకునేదాన్ని. నన్ను రోజూ తినేసింది ఆయన పోవడం ఒక్కటే కాదు. ఆ చెయ్యి. అది ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. బదులివ్వాల్సిన నేను బఠానీలు ఒలుచుకుంటూ కూర్చున్నాను.

ఇక్కడ బుధవారిన్ గురించి చెప్పాలి. మస్తూరీ వైపు పల్లెటూరావిడ. అరవై దాటి ఉంటాయి. బుధవారం పుట్టిందని ఆ పేరు. జైరామ్‌నగర్‌లో గంపతో వెనక పెట్టెలో ఎక్కి, అకల్‌తరా దాటాక ఒక్కో బోగీ దాటుకుంటూ జామకాయలూ ఆకుకూరలూ అమ్మేది. వారానికి రెండు మూడు రోజులు వచ్చేది. అన్నేళ్ళుగా ఆ వెనక పెట్టె తలుపు దగ్గర కూర్చుని మా ఇద్దరి చేతులూ చూస్తూ ఉండేది. "నీ మనిషి మంచోడు నోనీ" అనేది. నోనీ అంటే ఛత్తీస్‌గఢీలో అమ్మాయీ అని.

ఆ చలికాలం కూతురి పురుడని వేరే ఊరెళ్ళి రెండు నెలలు కనిపించలేదు. ఫిబ్రవరిలో తిరిగొచ్చింది. నాకు జరిగింది ఆమెకి తెలీదు. మా వాళ్ళెవరూ ఇంకా చెప్పలేదు. వచ్చీ రాగానే నా ముందు గంప దించి ఛత్తీస్‌గఢీలో నిష్ఠూరం మొదలుపెట్టింది. మొగుడితో గొడవపడ్డావా ఏమిటి, ఇవాళ తలుపు దగ్గరకే రాలేదు, పాపం ఆయన చెయ్యెత్తుకుని నిలబడే ఉన్నాడు, నేనెళ్ళినంత దూరం చూశాను దించలేదు, అంది.

మా వాళ్ళలో ఎవరో ఆమెకి చెప్పబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఎందుకు ఆపానో అప్పుడు తెలీలేదు. ఇప్పుడు తెలుసు. చెబితే ఆవిడ "అయ్యో, అయితే వేరే ఎవరో అయి ఉంటారు" అనేస్తుంది. ఆ మాట నాకు వినాలని లేదు.

ఆ రోజు ఆఫీసులో ఒక్క కాగితం కూడా కదల్లేదు. నాలోని వకీల్ సాబ్ లేచింది. ముసలావిడ, చూపు సరిగా ఆనదు. ఎవరో ఒకరు చెయ్యెత్తి ఉంటారు. సరే. రాత్రి ఇంటికొచ్చాక మా ఆయనతో పాటు అదే బండిలో తిరిగే సుధాకర్‌కి ఫోన్ చేశాను. ఇప్పుడు మూడో పెట్టె తలుపు దగ్గర ఎవరు నిలబడుతున్నారని, ఊరికే అడిగినట్టు అడిగాను. రమణన్న పోయాక ఆ పెట్టెలో కూర్చోబుద్ధి కాక తామంతా వెనక్కి మారిపోయామని, అక్కడ పెద్దగా ఎవరూ ఉండటం లేదని చెప్పాడు.

మర్నాటి నుంచి నేను కుడి తలుపు దగ్గర నిలబడటం మొదలుపెట్టాను. ఎప్పుడూ నిలబడే చోటే. ఆడవాళ్ళు వద్దనలేదు, నాతో పాటు రానూలేదు. జైరామ్‌నగర్ దాటింది. పక్క పట్టాల మీద బొగ్గు బండి ఎదురొచ్చింది. నల్లగా, ఒకదాని వెనక ఒకటి, లెక్కలేనన్ని పెట్టెలు. ఆయన బండి రాలేదు. ఆలస్యమై ఉంటుందనుకున్నాను. మర్నాడూ అంతే. ఇంకోరోజు ఒక ఎక్స్‌ప్రెస్ వెళ్ళింది. ఇంకోరోజు ఉత్త పట్టాలే. రోజూ చెయ్యి సగం ఎత్తి దించుకునేదాన్ని.

మధ్యలో బుధవారిన్ వస్తూనే ఉంది. మళ్ళీ అదే నిష్ఠూరం. ఇవాళ కూడా ఉన్నాడట, ఇవాళ కూడా నేను రాలేదట. అలా మూడు వారాలు గడిచాయి.

అదే సమయంలో నా ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది. బిలాస్‌పూర్‌కి. ఆరేళ్ళు కాళ్ళావేళ్ళా పడితే రానిది, మొగుడు పోయాడనేసరికి మూడు నెలలు తిరక్కుండా వచ్చేసింది. శుక్రవారం రిలీవ్ చేస్తామన్నారు. అందరూ వచ్చి మంచిదైందన్నారు. ఇంక అప్-డౌన్ లేదు, పాప దగ్గర ఉండొచ్చన్నారు. నేను తలూపాను. నాకు మిగిలింది మూడు ప్రయాణాలు అని మాత్రమే లెక్క వేసుకుంటున్నాను. మూడు రోజుల్లో చెయ్యెత్తలేకపోతే ఇక ఎత్తడానికి నాకు చోటు లేదు.

బుధవారం పొద్దున్న బుధవారిన్ వచ్చి, "ఇవాళా రాలేదు" అనేసరికి నాకు దుఃఖం, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. నేను నిలబడ్డాను, మూడు వారాలుగా రోజూ నిలబడుతున్నాను, నీకే కళ్ళు కనపడటం లేదు అని అరిచాను. బోగీ అంతా మా వైపు తిరిగింది.

ఆమెకి కోపం రాలేదు. ఏ తలుపు దగ్గర నిలబడ్డావు అని మాత్రం అడిగింది. నేను కుడివైపు చూపించాను. ఆమె తల కొట్టుకుంది.

"అటు కాదు నోనీ. ఆయన బండి ఇప్పుడు ఇటువైపు నుంచి వస్తోంది."

రాత్రి మావయ్యని అడిగాను, సంగతి చెప్పకుండా. ఆయన మామూలుగానే చెప్పారు. మూడో లైను తెరిచారు కదమ్మా, కోర్బా పాసింజర్‌ని జనవరి నుంచి దాని మీదే తోలుతున్నారు, అది మీకు ఎడమ చేతి వైపు పడుతుంది, అన్నారు. ఆరేళ్ళు ఆ దారిన తిరిగినదాన్ని. గార్డు గారి కోడల్ని. ఇంకెవరైనా అయితే బండి రాకపోతే రెండో తలుపులోంచి తొంగి చూసి ఉండేవారు. నేను చూడలేదు. నా కాళ్ళకి కుడి తలుపు తప్ప ఇంకోటి ఉందని కూడా గుర్తు రాలేదు. మూడు వారాలు, ఆయన నా వీపు వెనక నుంచి వెళ్ళాడు.

ఆ రాత్రి పాప పక్కన పడుకుని నిద్రపోలేదు. పాప నిద్రలో కాలు నా మీద వేసింది. వాళ్ళ నాన్న మీద వేసినట్టే.

గురువారం నేను నా బోగీలో ఎక్కలేదు. వెనక పెట్టెలో ఎక్కి ఎడమ తలుపు దగ్గర నిలబడ్డాను. జైరామ్‌నగర్‌లో బుధవారిన్ ఎక్కింది. వరసగా రెండు రోజులు ఆమె రావడం ఎప్పుడూ లేదు. ఎందుకొచ్చావని అడిగితే, నిన్న నువ్వు ఏడ్చావు కదా అంది.

మంచు లేదు. ఎండ బాగా వచ్చింది. ఇది ప్రత్యేకం రాస్తున్నాను, ఎందుకంటే సరిగా కనపడలేదు అనే మాటకి అక్కడ చోటు లేదు. కోర్బా బండి సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. మా బండి నెమ్మదైంది. ఇంజను వెళ్ళింది. మొదటి పెట్టె, రెండో పెట్టె. మూడో పెట్టె తలుపు తెరిచి ఉంది.

ఖాళీగా ఉంది. తలుపు లోపల ఆకుపచ్చ సీటు అంచు, దాని మీద ఎండ, అవతలి తలుపు, అంతే. బుధవారిన్ నా మోచెయ్యి పొడిచి, అదిగో, ఎత్తు ఎత్తు అంటోంది. ఆమె చూపు నేను చూస్తున్న చోటే ఉంది. నాకు మాత్రం ఎవరూ కనపడలేదు.

నేను చెయ్యెత్తాను. పూర్తిగా, తల పైకి. ఎవరికి ఎత్తుతున్నానో తెలీకుండానే ఎత్తాను. నన్ను క్షమించండి అని పైకే అన్నాను. ఆ పెట్టె వెనకపడింది, మిగతా పెట్టెలు వెళ్ళాయి, అందులో సుధాకర్ వాళ్ళు కూడా ఉండి ఉంటారు, నేను చూడలేదు. ఖాళీ పట్టాలు వచ్చాక కూడా నా చెయ్యి దిగలేదు. బుధవారిన్ తల బయటపెట్టి వెనక్కి చూస్తోంది. తర్వాత లోపలికి జరిగి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"దించేశాడు. నువ్వెత్తాక దించేశాడు. లోపలికెళ్ళిపోయాడు."

నేను అక్కడే ఆమె గంప పక్కన కూర్చుండిపోయాను. చాంపా వచ్చేదాకా ఆమె నా చెయ్యి ఒత్తుతూనే ఉంది, చెయ్యి నొప్పి వచ్చిందేమో అన్నట్టు. మా పద్ధతి సంగతి నేను ఆమెకి ఎన్నడూ చెప్పలేదు.

మర్నాడు నా చివరి ప్రయాణం. మళ్ళీ వెనక పెట్టె, ఎడమ తలుపు. బుధవారిన్ ఆ రోజూ వచ్చింది. మూడో పెట్టె దాటాక నేను ఆమె మొహం చూశాను. ఇవాళ ఎవరూ లేరు నోనీ, తలుపు వేసి ఉంది, అంది. అది నాకూ కనపడింది, తలుపు వేసే ఉంది. నీ మనిషికి డ్యూటీ మారిందా అని అడిగింది. అవునన్నాను. నాకూ మారింది, ఇంక ఈ బండిలో రాను అన్నాను. ఆమె రెండు జామకాయలు నా సంచిలో వేసింది. ఆయన పోయిన సంగతి ఆమెకి నేను చెప్పలేదు.

ఇప్పుడు నా ఆఫీసు ఇంటి నుంచి స్కూటీ మీద పావుగంట. పాపని నేనే స్కూలుకి దింపుతున్నాను. పాప తొందరగా నడపమని వెనక నుంచి "జల్దీ చలో అమ్మా" అంటుంది. ఇదే కదా ఆరేళ్ళు కోరుకున్నది.

ముసలావిడ ఏం చూసిందో నాకు తెలీదు. ఇంకెవరినో చూసి ఆయనే అనుకుని ఉండొచ్చు. చూడకుండానే నా ఏడుపు చూసి చెప్పి ఉండొచ్చు. కానీ, అన్నేళ్ళు చూసి మా పద్ధతి కనిపెట్టిందనుకున్నా, నేను వినాల్సిన మాట అదేనని ఆమెకెలా తెలిసిందో ఎంత తిప్పి చూసినా నాకు అందలేదు. ఆయన్ని నేను మాత్రం చూడలేదు. చూసినావిడకేమో ఆయన పోయిన సంగతే తెలీదు.

ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పకుండా ఉంచుకున్నాను, అది కూడా రాసేస్తాను. నేను మొదటి రోజే సరైన తలుపు దగ్గర నిలబడి ఉంటే, ఆయన మొదటి రోజే చెయ్యి దించి వెళ్ళిపోయేవాడు. నా తప్పు వల్లే ఇంకో మూడు వారాలు అక్కడ ఉన్నాడు. పాపం, ఆయన చెయ్యి ఎంత నొప్పెట్టిందో. అయినా ఆ తప్పు ఇంకొన్నాళ్ళు చేసి ఉంటే బాగుండేదని రోజూ పొద్దున్న ఎనిమిది అవుతుంటే నాకు అనిపిస్తుంది.